ఒక్క ముఖమే ఉండాలి

ఇది అబద్ధమైతే నేను మళ్ళీ ఒడ్డు చూడను. సముద్రం మీద బతికేవాళ్ళం ఇంతకంటే పెద్ద ఒట్టు వెయ్యలేం. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి... తర్వాత మధ్యలో నవ్వితే నేను చెప్పను.

నాకు భయం తక్కువ, కోపం ఎక్కువ. మీకు తెలిసిందే. ఆ రోజు కూడా కోపంతోనే మొదలైంది. ఓడ మీద వంటపనికి ట్రైనింగ్ పూర్తి చేశాను. చోటు కూడా దొరికింది. కానీ ఓడ ఎక్కాలంటే గుర్తింపు పుస్తకం కావాలి. సైటులో దాని దరఖాస్తుకి ఆ రాత్రే ఆఖరు. దాటితే నా చోటు ఇంకొకరికి పోతుంది. అన్నీ ఎక్కించాను... ఒక్క ఫొటో తప్ప.

ఫొటో లేక కాదు. గోపాలపట్నంలో స్టూడియోకి వెళ్ళి మరీ తీయించుకున్నాను. ఆ స్టూడియో ఆయన నా మీద జాలిపడి నన్ను తెల్లగా చేసేశాడు. "పెల్లి సంబందాలకి కూడా పనికొత్తాదమ్మా" అన్నాడు పైగా. సైటు ఆ ఫొటోని నా ఆధార్ ఫొటోతో పోల్చి చూసి, ఈ మనిషి వేరు అనేసింది. మళ్ళీ వెళ్దామంటే కుండపోత వాన.

సరే, ఇంట్లోనే తీసుకుందాం అనుకున్నాను. వెనక తెల్లగుడ్డ ఉండాలి. మా ఇంట్లో అంత తెల్లగా ఉన్నది ఒక్కటే... పెట్టెలో నాన్న పంచె. గంగమ్మ పండక్కి తప్ప కట్టేవాడు కాదట. నా చిన్నప్పుడే నాన్న వేటకెళ్ళాడు. మేం చేపలు పట్టడాన్ని వేట అంటాం. తర్వాత పడవ చెక్క దొరికింది. నాన్న దొరకలేదు.

"అది తియ్యనా?" అని అడిగాను. అమ్మ చేతులు తుడుచుకుని తనే తీసింది. నేను ఇస్త్రీ చేసి గోడకి రెండు మేకులకి కట్టాను. అమ్మ ఫోన్ పట్టుకుంది. రెండు చెవులూ కనబడాలి, కళ్ళు తెరిచి ఉండాలి, తల వంచకూడదు. నొక్కింది. తర్వాత ఫొటోని యాభై కేబీ లోపుకి తగ్గించాలి. మొదటిసారి మరీ తగ్గించేస్తే నా ముఖం ఎండుచేపలా గరుకుగా వచ్చింది. మళ్ళీ సరిచేశాను.

ఎక్కించాను. చక్రం తిరిగింది... తిరిగింది... ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఫొటోలో ఒకటి కంటే ఎక్కువ ముఖాలున్నాయి, ఒక్క ముఖమే ఉండాలి అని.

నవ్వొచ్చింది. ఇంకోటి తీశాం. అదే మాట. చుట్టూ కత్తిరించి పెట్టాను. మళ్ళీ అదే మాట.

"ఏటంటాదే?" అంది అమ్మ.

"ఫొటోలో ఇద్దరున్నారంట."

అమ్మ నవ్వలేదు.

మళ్ళీ నిలబడ్డాను. తలుపు వేసి ఉంది. కిటికీ వేసి ఉంది. గుడ్డ కదలకూడదని ఫ్యాన్ కూడా ఆపేశాం. బయట వాన. దూరంగా పోర్టులో ఏదో ఓడ కూత పెట్టింది... ఆగింది. అప్పుడు నా వెనక... టప్... టప్... టప్... గాలికి పంచె కొట్టుకుంటున్న చప్పుడు. గాలెక్కడిది?

"రెండొత్తన్నాయే" అంది అమ్మ, ఫోన్‌లోకి చూస్తూ.

"ఏటి రెండు?"

"పసుపు గల్లు. నీ మొగం మీదొకటి... నీ బుజం పక్కనొకటి. కొంచెం పైకుంది."

ఫోన్ కెమెరాకి ముఖం కనబడితే దాని చుట్టూ గడి గీస్తుంది కదా... అదన్నమాట. నేను మెల్లగా కుడివైపు జరిగాను.

"నీది జరిగింది" అంది అమ్మ. "అది ఆడే ఉంది."

వంగాను. లేచాను. అది అక్కడే ఉందట. నాన్న నాకంటే పొడుగు. మెడ వెనక చల్లగా తగిలింది... చెప్పడానికి సిగ్గేం లేదు, వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

ఆ భయంలోనే కోపం తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళు కలలోకి కూడా రానివాడు, నేను ఓడెక్కే వేళకి అడ్డం నిలబడతాడా? గోడవైపు చూడకుండానే అరిచాను.

"నాన్నా, నానెల్తాను. అడ్డు తప్పుకో."

టప్... టప్...

"ఉందా?"

"ఉంది" అంది అమ్మ. ఆమె గొంతు మారిపోయింది. "ఎల్తానంటావేటే? సముద్రం మీదకెల్లినోల్లు ఆ మాటంటారా? ఎల్లొత్తాననాల. ఆ రోజు మీ నాన్న తొందర్లో ఎల్తాననేసి ఎల్లిపోనాడు."

ఈ సంగతి అమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఏడుపొచ్చింది. అయినా చెప్పాను.

"నాన్నా... నానెల్లొత్తాను. మల్లీ ఇంటికొత్తాను."

చప్పుడు ఆగింది.

అమ్మ ఫోన్ మీద నుంచి కళ్ళు తియ్యలేదు. "కదిలిందే... తలుపు కాడికి ఎల్తంది... ఎల్తంది... ఇంక నీదొక్కటే ఉంది."

"నొక్కమ్మా" అన్నాను. నొక్కింది.

ఫొటోని సరిగ్గా చూడకుండానే తగ్గించాను. ఎక్కించాను. చక్రం తిరిగింది... పచ్చ టిక్కు పడింది. దరఖాస్తు అందిందని నంబరు వచ్చింది. నేను వేసిన కేకకి పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. అమ్మని ఎత్తుకుని తిప్పేశాను. ఎముకలు ఇరుగుతాయే అని తిడుతూనే ఆవిడ పడీపడీ నవ్వింది. మా పేటలో ఆడవాళ్ళని పడవే ఎక్కనివ్వరు. నేను ఏకంగా ఓడ గెలిచాను. పుస్తకం వచ్చిన రోజు అమ్మ దాన్ని ఇల్లిల్లూ తిప్పింది. "నా గుంట ఓడెక్కుతాది" అని అడగనివాళ్ళకి కూడా చెప్పింది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. అంత గర్వం ఆవిడ ముఖంలో అంతకుముందు చూడలేదు.

నా ఫ్రెండ్ లావణ్యకి ఇదంతా చెబితే కొట్టిపారేసింది. "పాత ఫోనే, గుడ్డలో ముడత సూసి మొగం అనుకుంది" అంది. కావచ్చు. ఇస్త్రీ చేసిన పంచె అది... అయినా కావచ్చు. అమ్మని అడిగితే అసలు మాట దాటేస్తుంది. "ఏటో, నాకు కల్లు సరిగ్గా ఆనవు" అంటుంది.

ఓడెక్కే రోజు పుస్తకం చూసిన ఆఫీసరు ఫొటో దగ్గర ఆగిపోయాడు. "ఇందులో నవ్వకూడదని రూల్ కదమ్మా, దీన్ని ఎలా ఒప్పుకున్నారు?" అన్నాడు. తీసుకుని అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను. నిజమే, చెంపల మీద తడి ఉంది, కానీ నోరారా నవ్వుతున్నాను. ఫోన్ పట్టుకున్న అమ్మవైపు కూడా కాదు... నా చూపు తలుపువైపు ఉంది. ఆ క్షణంలో నేను ఏడుస్తున్నట్టే నాకు గుర్తు. మరి ఎవర్ని చూసి నవ్వానో... ఏమో, నాకు ఇప్పటికీ తెలీదు.