ఫ్రాన్సు రాజు కోసం మా అవ్వ చేసిన ప్రార్థన

మా ఇంటి ప్రార్థన కూడికలలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా తమ కష్టమో కోరికో చెప్పుకున్నాక, ఆ మాటల్లో వచ్చిన మనుషులందరినీ అక్కడ కూర్చున్నవారు పంచుకుంటారు. కోడలి కాన్పు గురించి చెబితే కోడలు ఒకరి వంతు, పుట్టబోయే బిడ్డ మరొకరి వంతు, కాన్పు చేసే డాక్టరమ్మ ఇంకొకరి వంతు. ఎవరి వంతుకు వచ్చిన మనిషి కోసం వారు గొంతెత్తి ప్రార్థించాలి. ఎవరినీ వదిలిపెట్టకూడదు. మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి వెనుక వరుస ఇళ్ళలో పెరిగిన నాకు ఈ పంపకం అన్నం వడ్డించినంత మామూలు సంగతి. అందువల్లనే కాబోలు, పరిశోధన సీటు ఇంటర్వ్యూకు కుప్పం యూనివర్సిటీకి వెళ్ళే ముందురోజు సాయంత్రం దీనివల్ల ఏం జరగబోతోందో నాకు తోచలేదు.

మా వంశంలో డిగ్రీ చదివినది నేనే మొదలు. నాయన ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి నన్ను చదివించారు. చరిత్రలో ఎం.ఏ. పూర్తయ్యాక ఒకసారి ఈ సీటు కోసం ప్రయత్నించి విఫలమయ్యాను. రెండోసారీ రాకపోతే ఆస్పత్రిలో చీటీలు రాసే కౌంటరు దగ్గర చేరతానని నాయనకు మాట ఇచ్చాను. ఆయన అడగలేదు, నేనే ఇచ్చాను. ఆ ఉద్యోగం తక్కువదని కాదు. అందులో చేరితే మళ్ళీ చదువు దారికి రానని నాకు తెలుసు.

నా అంశం శ్రీలంకలో ఆ మధ్య వచ్చిన ప్రజా తిరుగుబాటు. దానిని ఫ్రెంచి, రష్యా విప్లవాలతో పోల్చాలి. మూడింటిలోనూ వంటింటి కొరతే జనాన్ని వీధిలోకి తెచ్చింది. పారిస్ ఆడవాళ్ళు రొట్టె కోసం రాజభవనానికి నడిచారు. రష్యాలో రొట్టె వరుసల్లో విసిగిన ఆడవాళ్ళు మహిళా దినోత్సవ ఊరేగింపులో కలిశారు. లంకలో గ్యాసూ పెట్రోలూ పాలపొడీ దొరకని జనం అధ్యక్షుని భవనంలోకి వెళ్ళి, అక్కడి ఈతకొలనులో ఈదారు. తేడా ఆ తరువాతే కనిపిస్తుంది. పాత విప్లవాలు రాజులను చంపి, రాజ్యం రూపాన్నే మార్చాయి. ఇక్కడ అధ్యక్షుడు విమానమెక్కి వెళ్ళిపోయాడు, జనం ఇళ్ళకు వెళ్ళారు, కుర్చీ మాత్రం అలాగే ఉంది. కనుక ఇది సగంలో ఆగిన విప్లవమని నా ప్రతిపాదనలో రాశాను. ఆ వాక్యం మీద నాకు గొప్ప నమ్మకం ఉండేది.

మదనపల్లె నుంచి తెల్లవారి బయలుదేరితే వేళకు అందుకోలేనేమోనన్న భయంతో ముందురోజే పుంగనూరులో మేనత్త ఇంటికి చేరాను. అత్తకు ఆవులున్నాయి. పాలు కేంద్రంలో పోసి వచ్చాకే ఆ ఇంట్లో ఏ కూడికైనా మొదలవుతుంది. ఆమె భర్త, మా మామ, చర్చి సంఘ పెద్ద. అవ్వ, అంటే మా నాయన తల్లి, వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆమెకు చూపు తగ్గింది గానీ వినికిడి చక్కగా ఉంది. నలుగురం చాప మీద కూర్చున్నాం.

మామ నన్ను ప్రార్థన మనవి చెప్పమన్నారు. ఇంటర్వ్యూ ఉందని చెప్పి ఊరుకోవచ్చు. కానీ మరునాడు చెప్పవలసినదంతా ఒకసారి గట్టిగా చెప్పి చూసుకుందామనిపించింది. కళ్ళెదుట జరుగుతున్నట్టే చెప్పాను. ఫ్రాన్సు రాజు కుటుంబంతో పారిపోతున్నాడు, సరిహద్దు చేరకముందే పట్టుబడుతున్నాడు, రాణిని కొడుకు నుంచి వేరు చేస్తున్నారు. మామ శ్రద్ధగా విని, అలవాటు ప్రకారం వంతులు వేశారు. లంకలో వరుసల్లో నిలబడ్డ తల్లులు అత్తకు, ఫ్రాన్సు రాజకుటుంబం అవ్వకు, లంక అధ్యక్షుడూ నన్ను ఇంటర్వ్యూ చేసే పెద్దలూ తనకు. మిగిలిపోయిన రష్యా రాజును నాకిచ్చారు. మరునాటి ప్రశ్నల ఆలోచనలో ఉన్న నేను సరేనని తలూపాను.

అత్త ముందు ప్రార్థించింది. పాలపొడి కోసం నిలబడే దేశం ఆమె ఊహకు అందలేదు. ఆ బిడ్డలకు పాలిమ్మని అడుగుతూ, మధ్యలో తన చూడి ఆవునూ జ్ఞాపకం చేసుకుంది. తరువాత అవ్వ మొదలుపెట్టింది.

"తండ్రీ, ఆ ప్రాన్సు రాజు పెండ్లాం బిడ్డలతో పారిపోతాండాడు. తప్పు సేసినాడు, సరే. నువ్వు ఎంతమంది తప్పులు ఓర్సుకోలా? ఆ పిల్లోణ్ణి తల్లి కాణ్ణించి ఇడదీయనీయొద్దు నాయనా."

నేను కళ్ళు తెరిచాను. నా కదలికకు మామ కూడా కళ్ళు తెరిచారు. ఆమేన్ వరకు ఆగి, వాళ్ళు చనిపోయి రెండు వందల ఏళ్ళు దాటిందని మెల్లగా చెప్పాను. రాజుకూ రాణికీ తలలు నరికారని, కొడుకు చెరలోనే పోయాడని, కూతురొక్కతే బతికి బయటపడిందని కూడా చెప్పాను. మామ ముఖం చిన్నబోయింది. మా సంఘంలో చనిపోయినవారి కోసం ప్రార్థించే ఆచారం లేదు. ఆ వంతు వేసినవారేమో సంఘ పెద్ద.

"ఆదివారం పాస్టరు అయ్యగారికి నువ్వే సెప్పుకో, సచ్చిపోయిన రాజుకి మా అత్తతో ప్రార్థన సేయించినానని" అని అత్త ఆయనను ఆటపట్టించింది.

"నన్నంటావేమే? పాప ఇప్పుడే జరగతాండేట్టు సెప్పె. నేను నమ్మితి" అన్నారు మామ.

అవ్వ నవ్వలేదు. రష్యా వాళ్ళ సంగతి అడిగింది. కాల్చి చంపారన్నాను. పిల్లలనూనా అంది. అవునన్నాను.

"ఆ లంకాయనో?"

"బతికే ఉండాడవ్వా."

"వరసలో నిలబడిన ఆడోళ్ళు?"

"ఉండారు."

"అట్లయితే ఈళ్ళకి సేయొచ్చు. నా వంతు మార్సప్పా" అని మామ వైపు తిరిగింది. "వాళ్ళది అయిపాయ. ఈళ్ళది ఇంకా ఉండాది."

మరునాడు పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళే బస్సులో నా ప్రతిపాదన తెరిచి, సగంలో ఆగిన విప్లవమన్న ఆ వాక్యం చూసుకున్నాను. అది అప్పటికే పెద్దల చేతుల్లో ఉంది. మార్చడానికి లేదు.

ఇంటర్వ్యూలో మధ్యన కూర్చున్న మేడమ్ సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. సగంలో ఆగిందని ఎలా చెప్పగలరు, తల పడితేనే విప్లవం పూర్తయినట్టా అని అడిగారు. మొదటిసారి ఇంటర్వ్యూలో నేను రాసుకున్నదానినే పట్టుకుని వాదించాను. ఈసారి, నిన్నటి సాయంత్రం వరకూ అలాగే అనుకున్నానని చెప్పాను. పాత విప్లవాలలో ఉన్నవారెవరూ మిగలలేదు గనుక వాటిని ముగిసినవిగా చదువుతున్నాం. ఈ తిరుగుబాటులోనూ కొందరి ప్రాణాలు పోయాయి. కానీ దిగినవాడూ దింపినవారూ ఇంకా ఉన్నారు. వారి మధ్య జరగవలసినది ఇంకా జరగాలి. అందుచేత ఆగినదనడం కంటే ముగియనిదనడం సరైనదేమో అన్నాను. పక్కనున్న సారు ఊరుకోలేదు. మరి కుర్చీ అలాగే ఉందన్న మాట ఏమైందని అడిగారు. ఆ మాట నిజమే, ఎందుకు ఉండిపోయిందో చదవాలి, నాకింకా తెలియదన్నాను.

ఎంపికైనవారిలో నా పేరు చివరన వచ్చింది. అంశం శీర్షిక మార్చుకోవాలన్నారు. నాయనకు ఫోన్ చేశాను. లాండ్రీ యంత్రాల చప్పుడులో రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

"కౌంటరు పనికి నువ్వు రావని సెప్పేస్తా పాపా" అన్నారు. ఆ తరువాత యంత్రాల చప్పుడు మీదుగా పక్కవాళ్ళకు ఆ సంగతి గొంతెత్తి చెప్పడం వినిపించింది. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

అవ్వ సీటు గురించి ఆశ్చర్యపోలేదు. అది మామ వంతు, ఆయన చూసుకున్నాడు అన్నట్టు మాట్లాడింది. ఇప్పుడు సెలవులకు పుంగనూరు వెళ్ళే ముందు లంక వార్తలు చదువుకుని వెళ్తాను, ఎందుకంటే ఆమె తప్పక అడుగుతుంది. మొన్న వెళ్ళినప్పుడు, ఆమె వంతులోకి మారిన లంక అధ్యక్షుడు తన దేశానికి తిరిగొచ్చి ఉంటున్నాడని చెప్పాను. పాలపొడి ఇప్పుడు దొరుకుతోంది గానీ కొనలేనివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారని కూడా చెప్పాను.

"అట్లయితే ప్రార్థన ఆపొద్దని మీ అత్తకి సెప్పు" అంది అవ్వ.