సాంచాల మోత లేని మా మొదటి పాట

ఈ రోజు మా రాక్ బ్యాండు పాట మొదటిసారి శుభ్రంగా రికార్డయింది. ఏడుపొస్తోంది.

జగిత్యాలలో చదువుకునేటప్పుడు ముగ్గురం కలిసి పెట్టుకున్న బ్యాండు ఇది. గిటారు నాది, మాది కోరుట్ల. పాడేవాడిది జగిత్యాలే. డ్రమ్స్ వాయించే రాజుది సిరిసిల్ల. వాళ్ల నాన్న మరమగ్గాల షెడ్డులోనే మా ప్రాక్టీసు. ఆ మగ్గాలు, మా దగ్గర అనే మాటలో సాంచాలు, ఆడుతుంటే మా గోల ఎవరికీ వినపడేది కాదు, గల్లీలో ఎవరూ తగువుకు రాలేదు. కాకపోతే ప్రతి పాటలోనూ ఆ మోత పడేది. యూట్యూబ్‌లో పెడితే కింద కామెంట్లన్నీ ఒకటే: "వెనక ఆ చప్పుడు తీసేయండి బ్రో."

పని దొరక్క మొన్న రాజు వాళ్లు సాంచాలన్నీ పాత ఇనుము కింద అమ్మేశారు. ఈ రోజు ఖాళీ షెడ్డులో మొదలుపెడితే రాజుకు తాళం నిలవలేదు. ఇన్నాళ్లూ వాడు సాంచాల లయను పట్టుకునే వాయించాడని అప్పుడు తెలిసింది. ఎలాగో ముగించాం.

ఏనాడూ మా పాట వినని రాజు వాళ్ల నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఫోన్ల మీ పాత పాట ఉన్నదా? జర పెట్టు."

పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"కొడుకా, మీ పాట తీసేసి సాంచాల చప్పుడొక్కటే ఇనిపిచ్చుడు అయితదా?"

"కాదు కాకా. రెండు కలిసిపోయినయ్."

"అయితే మల్ల అదే పెట్టు," అన్నాడు.

కొత్త పాట లింకు కింద పెట్టాను. వెనక ఏ మోతా లేదు. వినండి, తిట్టండి. బాగుందని మాత్రం ఎవరూ అనకండి.