మామ నమ్మని గెలుపు

బహదూర్‌పల్లిలో మా అమ్మాయి వాళ్ళు ఉండే అపార్ట్‌మెంట్లకు కింద ఒక క్లబ్‌హౌస్ ఉంది. సాయంత్రం నడక అయ్యాక మోకాళ్ళకు కాస్త విశ్రాంతి ఇద్దామని నేను అక్కడ కూర్చుంటాను. మొన్న ఒక రోజు కర్రతో బంతులు కొట్టే పూల్ బల్ల దగ్గర ఇద్దరు ఉద్యోగస్థులు ఆట ఆపేసి వాదించుకుంటున్నారు. వన్ పాకెట్ ఆటనే వృత్తిగా చేసుకున్న వాళ్ళలో అందరికంటే గొప్పవాడు ఎవడన్నది వాళ్ళ తగువు. ఒకాయన ఫిలిప్పీన్స్ మనిషి పేరు చెప్తే, ఇంకొకాయన అమెరికా మనిషి పేరు చెప్తున్నాడు. మధ్యలో నా వైపు తిరిగి, పెద్దవాళ్ళు మీరేమంటారండీ అని నవ్వుతూ అడిగారు. నాకు ఆట తెలియదనుకుని మర్యాదకు అడిగి ఉంటారు. తెలియదు బాబూ అని లేచి వచ్చేశాను గాని, లిఫ్టులో పైకి వెళ్తున్నంత సేపూ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఇదే ప్రశ్న మీద మేడ్చల్‌లో మా చుట్టాలంతా రెండు జట్లయి, పెళ్ళిపందిట్లో కూడా దూరదూరంగా కూర్చున్న రోజులు నాకు తెలుసు.

అప్పుడు నేను జీడిమెట్లలో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో ఫిట్టరుగా కొత్తగా కుదిరాను. మా మేనమామ, అంటే మా అమ్మకు కడగొట్టు తమ్ముడు, గల్ఫ్‌లో ఒక హోటల్లో చాలా ఏళ్ళు పనిచేసి అప్పుడే తిరిగి వచ్చాడు. అక్కడ ఆయన గదిలో ఉన్న ఫిలిప్పీన్స్ మనిషి ఆయనకు ఈ ఆట నేర్పాడట. వచ్చినవాళ్ళు బంగారమో టేప్‌రికార్డరో తెచ్చుకుంటే మా మామ ఆటను తెచ్చుకున్నాడని మా అమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది, మెచ్చుకుంటూనో తిట్టుకుంటూనో ఇప్పటికీ నాకు తెలియదు. మేడ్చల్ బస్టాండు దాటాక, పిండిగిర్ని పక్కనున్న షట్టరు గదిలో పాత బల్ల ఒకటి వేయించి ఆయన పూల్ పార్లర్ తెరిచాడు. అప్పుడప్పుడు సికింద్రాబాద్ క్లబ్బులవాళ్ళు పిలిస్తే వెళ్ళి ఆడి వచ్చేవాడు. ఆ ఆటే ఆయన బతుకుదెరువు.

ఈ ఆట తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. బల్ల అంచుల్లో బంతి పడే ఆరు పాకెట్లు ఉంటాయి గదా, మామూలు ఆటలో బంతిని ఎందులో వేసినా చెల్లుతుంది. వన్ పాకెట్‌లో అలా కాదు, ఒక మూలనున్న పాకెట్ నీది, దాని పక్క మూలది నాది, తక్కినవి ఉన్నా లేనట్టే. ఎవరి పాకెట్లో ముందు ఎనిమిది బంతులు పడితే వాళ్ళు గెలిచినట్టు. అందుకని ఇందులో బంతి వేయడం కంటే ఎదుటివాణ్ణి వేయనీయకుండా చూసుకోవడమే పెద్ద పని. కావాలని తప్పడం కూడా ఒక ఎత్తే. ఎవరైనా బంతిని తేలికగా వదిలేస్తే అది చేతకాక వదిలాడా, ఉచ్చు పన్ని వదిలాడా అని ఎదుటివాడు గడ్డం గోక్కుంటూ బల్ల చుట్టూ తిరగాల్సిందే. రోజంతా ఆ ఆట ఆడేవాళ్ళకు అనుమానం ఒంటికి పట్టిపోతుందని నేను అక్కడే చూశాను.

మామకు సరిజోడు మా బావ, అంటే మా అక్క భర్త. బావది షామీర్‌పేట. వాళ్ళ నాయిన చెరువులో చేపలు పట్టేవాడు. బావ మాత్రం చిన్నప్పుడే బొల్లారం వైపు ఒక క్లబ్బులో మార్కరుగా చేరి, వచ్చినవాళ్ళకు పాయింట్లు లెక్కబెడుతూ, జోడీ లేనివాళ్ళతో ఆడుతూ చెయ్యి తిరిగినవాడయ్యాడు. తరువాత అక్కడే ఆట నేర్పే పంతులయ్యాడు. మామ ఆట కోడిపుంజు తీరు, సందు దొరికితే ఎగబడి వరసగా బంతులు వేసేసేవాడు. బావ వల వేసి కూర్చున్నవాడిలా ఎదుటివాడి ఓపిక అయిపోయేదాకా కదిలేవాడు కాదు. జీడిమెట్ల షిఫ్టు దిగి వచ్చేవాళ్ళలో సగం మంది మామే గొప్ప అంటే సగం మంది బావే గొప్ప అనేవారు, చాయ్ చల్లారిపోయినా ఆ వాదన చల్లారేది కాదు.

ఆట ఒక్కటే అయితే వాదన అంత దూరం పోయేది కాదు. మా అక్కను చిన్నప్పటి నుంచీ మామకే అనుకున్నారు. మామ గల్ఫ్ పోయి, వస్తానన్న ఏడు రాక, మరో ఏడూ రాక, చివరకు మా నాయిన విసిగిపోయి షామీర్‌పేట సంబంధం ఖాయం చేశాడు. మామ తిరిగి వచ్చాక ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. అక్క ఇంటికి పండ్లు పట్టుకుని వెళ్ళాడు, బావను అల్లుడా అని పిలిచాడు. ఆయన ఏమీ అనకపోవడమే అందరికీ అనుమానమైంది. అంత నిమ్మళంగా ఉన్నాడంటే లోపల ఏదో పెట్టుకున్నాడని మా అమ్మ, మామ నవ్వితే ఎందుకు నవ్వాడని మా నాయిన, ఇలా ఇంట్లో ఎవరి లెక్కలు వాళ్ళవి.

ఆ లెక్కలు బల్ల మీదికి కూడా వచ్చాయి. పార్లర్ తెరవగానే మామ మేస్త్రీల దగ్గర ఉండే రసమట్టం పెట్టి బల్ల నాలుగు మూలలూ చూసుకునేవాడు, బావ వచ్చే రోజైతే రెండుసార్లు చూసేవాడు. బావ కర్ర కొనకు రాసే సుద్దముక్క తనే తెచ్చుకుంటే, ఆయన చాయ్ తాగడానికి పోయినప్పుడు మామ దాన్ని వేళ్ళతో నలిపి చూసేవాడు. బావకేమో పక్కనున్న గిర్ని మీద అనుమానం. గిర్ని నడుస్తున్నప్పుడు గోడ అదిరి బంతులు ఒక మూలకు జరుగుతాయని, మామ ఎప్పుడూ ఆ మూలే తన పాకెట్‌గా కోరుకుంటాడని నా చెవిలో చెప్పేవాడు. నాకు ఇద్దరూ కావలసినవాళ్ళే కనుక ఇద్దరి మాటలూ విని తల ఊపేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో నగరంలోని ఒక క్లబ్బువాళ్ళు విదేశం నుంచి ఈ ఆటలో పేరు మోసిన ఒకాయన్ని రప్పిస్తున్నామని, ఆయనతో ఆడటానికి మన వైపు నుంచి ఒక్కరిని పంపమని మామకు కబురు పెట్టారు. ఒక్కరే. మామ ఆ మాట దాచుకోవచ్చు, కాని దాచలేదు. మనిద్దరం ఆడదాం అల్లుడా, గెలిచినోడే పోవాలని బావతో అన్నాడు. అది కూడా ఏదో ఎత్తే అన్నారు బావ వైపువాళ్ళు. చివరకు గిర్ని నడవని ఆదివారం మధ్యాహ్నం ఆడాలని, రెఫరీగా నేను నిలబడాలని ఒప్పుకున్నారు. మేనమామకు మేనల్లుణ్ణి, బావకు బామ్మర్దిని, ఇటూ అటూ మొగ్గనని వాళ్ళ నమ్మకం. ఆ పదవి ఎంత చేదుదో అప్పుడు నాకు తెలియదు.

ఆ రోజు గదిలో గాలి ఆడనంత జనం. ఆట నత్తనడక నడిచింది. మామ తన దూకుడు మానేసి బావలాగా కాచుకుని ఆడాడు, బావ ఎన్నడూ లేనిది ఎగబడి ఆడాడు. ఇద్దరూ చొక్కాలు మార్చుకున్నట్టు ఆడుతున్నారేందని ఎవరో అంటే నవ్వులు కూడా లేవలేదు. ఏడు ఏడు దగ్గర ఇద్దరూ సమానమయ్యారు. బావ వంతు వచ్చింది. ఆయన పాకెట్ ముందు మూరెడు దూరంలో బంతి నిలిచి ఉంది. క్లబ్బులో మొదటి రోజు నేర్చుకునేవాడు కూడా వేసేసే బంతి అది. బావ వంగాడు, చాలాసేపు అలాగే ఉన్నాడు, కొట్టాడు. బంతి పాకెట్ అంచుకు తగిలి, ఒక్క క్షణం ఆగినట్టు ఆగి, వెనక్కి వచ్చి మెల్లగా దొర్లుకుంటూ పోయి మామ పాకెట్ ముందు నిలబడింది.

నేను ఆ మూలనే నిలబడి ఉన్నాను. చూసినదంతా బంతినే, బావ చెయ్యి నేను చూడలేదు.

మామ వచ్చి ఆ బంతిని వేసేశాడు. చప్పట్లు రెండు మూడు మోగి ఆగిపోయాయి. మామ బల్ల వైపు చూడకుండా బావ వైపే చూస్తున్నాడు.

"గిట్లెందుకు జేసినవ్ అల్లుడా?"

"తప్పింది మామా. గంతే."

"నీ చెయ్యి తప్పదు."

బావ కర్రను గోడకు ఆనించి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. ఎన్నడూ బావ ఆటను ఒక్క మాటైనా మెచ్చుకోని మామ ఆ రోజు మెచ్చుకున్నాడు, ఆ మెప్పే మామ మెడకు చుట్టుకుంది.

ఊళ్ళో ఆ సాయంత్రానికే కథ కట్టేశారు. మేనమామకు దక్కాల్సిన పిల్లను తను చేసుకున్నాడు కాబట్టి, దానికి బదులుగా ఆటను ఇచ్చేశాడన్నారు. బావను దేవుడన్నవాళ్ళు కొందరు, పదిమందిలో మామను చిన్నబుచ్చడానికే అట్లా చేశాడన్నవాళ్ళు కొందరు. నిజంగానే తప్పిందేమో అన్నవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. రెఫరీని కనుక ఇరువైపులవాళ్ళూ నన్ను పట్టుకుని గుచ్చి గుచ్చి అడిగారు. చూడలేదంటే, దాస్తున్నావన్నారు.

మామ నగరానికి వెళ్ళనన్నాడు. ఇంకొకడు వదిలేసిన ఆటతో నేను పోనని భీష్మించుకున్నాడు. ఓడినవాణ్ణి నేనెట్ల పోతనని బావ పోలేదు. చివరకు ఎవరో నగరం మనిషే ఆ విదేశీయుడితో ఆడాడు.

ఈ కథ అక్క చెవిన పడింది. ఆ పార్లర్ గడప ఆడవాళ్ళు ఎవరూ తొక్కేవాళ్ళు కాదు. అక్క ఒక పొద్దున నన్ను వెంటబెట్టుకుని నేరుగా లోపలికి వచ్చింది. మామ ఒక్కడే బల్ల మీది గుడ్డను బ్రష్‌తో తుడుస్తున్నాడు.

"మామా, నువ్వు గెల్చినవ్. గెల్చినోని తీరుగ ఉండు. నన్ను బదులు గిదులని మంది నోట్ల నానబెట్టకు."

మామ బ్రష్ ఆపలేదు. "ఆయనే తోలిండా నిన్ను ఈడికి?" అన్నాడు.

అక్క ముఖంలో రంగు పోయింది. వెంటనే వెనుదిరిగింది. బస్సులో షామీర్‌పేట దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది, ఏడవలేదు. ఆ తరువాత మామ తెచ్చిన పండ్లు ఆమె తీసుకునేది గాని తినేది కాదు.

మామా బావా మళ్ళీ ఎన్నడూ కలిసి ఆడలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బాగున్నవా అంటే బాగున్న అనుకునేవారు, అంతే. బావ క్లబ్బులో ఆట నేర్పుతూనే ఉన్నాడు. మామ లేటుగా పెళ్ళి చేసుకుని, రోడ్డు వెడల్పులో పార్లర్ పోయేదాకా నడిపాడు.

చాలా ఏళ్ళకు, ఒక ఎండాకాలం, బావా నేనూ షామీర్‌పేట చెరువు కట్ట మీద కూర్చున్నప్పుడు నేను ఆ ఆట సంగతి ఎత్తాను. బావ నీళ్ళ వైపు చూస్తూ చెప్పాడు.

"అందరు నేను ఇడిసిపెట్టిన్నంటరు. నేనేడ ఇడిసిపెట్టిన బామ్మర్ది? పెండ్లయిన కాణ్ణుంచి మీ ఇంట్ల ఒక్కటే మాట ఇంటున్న, ఈమె మామకు అనుకున్న పిల్ల అని. ఒక్కపారి అందరి ముంగట మామను ఓడగొట్టాలనుకున్న. గంత ఆశ ఎన్నడు పడలె. గా ఆశకే చెయ్యి తప్పింది."

మరి ఆనాడే ఎందుకు చెప్పలేదని అడిగాను. మామను ఓడగొట్టాలని కాచుకుని కూర్చున్నానని మీ అక్కకు ఏ ముఖంతో చెప్పేదన్నాడు. దేవుడనుకునేవాళ్ళను అనుకోనిచ్చాను, అదీ నాకు ముల్లే అన్నాడు.

బావను ఒప్పించి నేను ఆ వారమే మామ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గెలిచింది నిజమైన గెలుపని, ఎవరూ దానం చేసింది కాదని, ఎదుటివాడు ప్రాణం పెట్టి ఆడినా గెలిచాడని ఎన్ని తీర్లుగా చెప్పొచ్చో అన్ని తీర్లుగా చెప్పాను. మామ అంతా విన్నాడు. కళ్ళలో ఏదో కదిలినట్టే అనిపించింది. తరువాత నవ్వాడు.

"నిన్ను గూడ తోలిండు గదా," అన్నాడు.

మామ పోయి కొన్నేళ్ళయింది. ఆయన బతుకంతా కోరుకున్న గెలుపు ఆయనకు దక్కింది, దక్కిందన్న సంగతి మాత్రం ఆయన నమ్మకుండానే పోయాడు. బావ ఇప్పుడు కౌకూర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు, చూపు తగ్గింది. క్లబ్‌హౌస్ ముచ్చట అయిన మరునాడే వెళ్ళి, మీ ఇద్దరిలో ఎవరు గొప్ప బావా అని అడిగాను. ఆలోచించకుండానే మామనే అన్నాడు. అది మనసులో మాటా, పోయినవాడి మీద మర్యాదా అని నాకు టక్కున అనుమానం వచ్చింది. అక్క లోపలి నుంచి చాయ్ తెస్తుండటంతో ఇంక అడగలేదు.

మా అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంట్లలో ఆడేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, ఒకరి ఇంటి సంగతి ఒకరికి తెలియదు. బంతి తప్పితే తప్పిందంటారు, కర్రలు స్టాండులో పెట్టి ఎవరి ఫ్లాటుకు వాళ్ళు పోతారు. ఎంత హాయి అనిపిస్తుంది చూస్తుంటే. కాని ఒక మనిషి ఓడిపోతే, నువ్వు ఓడిపోయేవాడివి కావు, ఎందుకిలా చేశావని నిలదీసేంతగా ఎదుటివాణ్ణి ఎరిగినవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. మేము ఒకరినొకరం అంత ఎరిగి ఉండేవాళ్ళం, అంత ఎరిగీ తప్పిందన్న ఒక్క చిన్న మాట నమ్మలేకపోయాం.