మాస్టారు వదిలిన ఖాళీలు

2022 వేసవి. జంషెడ్‌పూర్ కాసిడీహ్‌లో థీసిస్‌లు, లెక్కల పుస్తకాలు కంప్యూటర్లో కూర్చే దుకాణం నాది. లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో నన్ను మించినవాడు జార్ఖండ్ మొత్తంలో లేడు. సరే, మా వీధిలో లేడు. అక్కడ వేరే దుకాణం కూడా లేదు లెండి.

ఒక ఉదయం మా లెక్కల మాస్టారి భార్య వరాలమ్మగారు ఒక పెన్‌డ్రైవు, ఆయన చేతిరాత నోట్‌బుక్కు పట్టుకొచ్చారు. మాస్టారు పోయి ఏడాది కావస్తోంది. రైల్వేవాళ్ల పిల్లలకు వరండాలో చెప్పిన లెక్కల్ని ఆయనే లేటెక్ నేర్చుకుని టైపు చేశారట. ఎర్రర్లు వచ్చి ఆగిపోయారు. సంవత్సరీకానికి వచ్చే పాత శిష్యుల చేతుల్లో ఆ పుస్తకం పెట్టాలని ఆవిడ కోరిక. పది రోజులే గడువు.

జబ్బు వెంటనే తెలిసింది. నోట్‌బుక్కులో లాగే మాస్టారు ప్రతి సూత్రం మధ్యలో ఒక లైను ఖాళీ వదిలారు. లేటెక్‌కు ఖాళీ లైనంటే పేరా ముగిసినట్టు. సూత్రం పూర్తికాకుండా పేరా ముగిస్తే అది ఒప్పుకోదు. ఖాళీలన్నీ తీసేసి, ప్రింటు చూపించాను.

ఆవిడకు లెక్కలు రావు. అయినా నోట్‌బుక్కు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ వేలితో తడిమారు.

"ఏటిరా సింహాచలం, ఈ జాగాలన్నీ కప్పీసినావు?"

"మెషీన్ ఒప్పుకోదమ్మా," అన్నాను, పెద్ద ఇంజనీరులా.

"ఆయన అక్కడ ఊరుకునీవోరు. తరవాత మెట్టు చెప్పండిరా అని పిల్లల మొహాలు చూసీవోరు. నాను వంటింట్లో గరిట కూడా కదిపీదాన్ని కాదు. ఆ జాగా నేకపోతే ఇది ఆయన పుస్తకం కాదు. నీ మెషీనుకి సమ్‌ఝాయించు, బోధపడీలా చెప్పు."

మూడు రోజులు పరిశోధన చేశానని అందరికీ చెబుతుంటాను. నిజానికి పాత మాన్యువల్లో పది నిమిషాల్లో దొరికింది. ఫైల్లోని ఖాళీ లైనులో పర్సెంట్ గుర్తు పెడితే లేటెక్ దాన్ని రాసినవాడు తనకోసం పెట్టుకున్న వ్యాఖ్య అనుకుని దాటిపోతుంది, ఎర్రర్ రాదు. కాగితం మీద కూడా జాగా కనబడాలంటే, పై మెట్టు చివర లైను విరిచే చోట ఎంత ఎడం కావాలో కొలత రాయాలి. వందకు పైగా చోట్ల రాశాను.

ఆవిడ మళ్లీ తడిమి చూసి, ఒక పేజీ దగ్గర ఆగారు. "ఇక్కడ ఇంకా సేపు ఊరుకునీవోరు," అన్నారు. నోట్‌బుక్కులో నిజంగానే అక్కడ రెండు లైన్ల ఖాళీ. కొలత పెంచాను.

సంవత్సరీకం నాడు పుస్తకాలు పంచుతూ, మాస్టారి దగ్గర నేనే ఫస్టు అని కుర్ర శిష్యులకు చెప్పుకున్నాను. అబద్ధం. ఆయన ఊరుకున్న ప్రతిసారీ నేను పక్కవాడి నోట్‌బుక్కులోకి చూసేవాణ్ణి.

అప్పటినుంచి ఎవరి ఫైల్లో ఖాళీ లైను కనబడినా, తీసే ముందు అడుగుతున్నాను, ఇది పొరపాటా, కావాలనే వదిలారా అని. నా కాపీలో ఆ పెద్ద ఖాళీ దగ్గర ఒక ఆదివారం కింది మెట్టు చేత్తో మూసి, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. మూడో ప్రయత్నానికి మెట్టు దొరికింది. మాస్టారికి చూపిద్దామని తలెత్తాను.