అరవై ప్రశ్నలూ మా తెలుగూ

నేను కోయంబత్తూరులో ఒక ఇంజనీరింగు కాలేజీలో మనస్తత్వ సలహాదారుగా పనిచేస్తాను. లెక్కల పరీక్ష పోయినవాళ్ళూ, ప్రేమ పోయినవాళ్ళూ, రెండూ ఒకే వారంలో పోగొట్టుకున్నవాళ్ళూ వచ్చి కూర్చునే గది నాది. గోడకు అవతల జనరేటరు. పిల్లలెవరైనా గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పబోతే సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. ఇక ఆ రహస్యాన్ని ఇద్దరం అరుచుకుంటూ పంచుకోవాలి. మనసు విప్పి మాట్లాడడానికి కాలేజీ మొత్తంలో ఇంతకన్నా మంచి చోటు మా యాజమాన్యానికి దొరకలేదు.

మా ఇల్లు ఆ ఊరి శివారు తుడియలూరులో. నాన్నది పంపుసెట్ల వర్క్‌షాపు. మా అసలు ఊరు బోడినాయకనూరు వైపు, మేం బోడి అంటాం. పైన కొండమీద మావాళ్ళకు ఏలకుల తోటలు, ఇప్పటికీ మా పెద్దమ్మవాళ్ళకు ఒక ఎస్టేటు ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు. కనీసం మేము అలాగే అనుకుంటూ వచ్చాం, ఎవరూ వచ్చి పరీక్ష పెట్టలేదు కాబట్టి. చదవడం, రాయడం మాత్రం మా వంశంలో ఎవరికీ రాదు. తాత తమిళంలో సంతకం చేశాడు, నాన్న ఇంగ్లీషులో చేశాడు. పెళ్ళిళ్ళలో అందరం ఛాతీ విరుచుకుని మేం తెలుగువాళ్ళం అని చెప్పుకుంటాం, అదీ తమిళంలోనే. ఈ నాలుగు పేజీలు నేను తెలుగు లిపిలో రాయగలుగుతున్నానంటే అది యాభై దాటాక వచ్చిన బుద్ధి. ఎవరి పుణ్యాన వచ్చిందో చెబుతాను.

నాకు యాభై రెండేళ్ళు నిండిన ఏడు మా కాలేజీలో కొండమీది ఆదివాసి కుటుంబాల పిల్లలు నలుగురు చేరారు. వెంటనే మా డీన్‌గారికి వాళ్ళ సంస్కృతి మీద గౌరవం పుట్టుకొచ్చింది. ఆ గౌరవాన్ని కొలవడానికి ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. అరవై ప్రశ్నలు, పదకొండు భాషలు, చివర ఒక రంగు. ఆకుపచ్చ వస్తే పిల్ల క్షేమం, పసుపు వస్తే గమనించాలి, ఎరుపు వస్తే ఇంటికి పంపాలి. దాన్ని మాకు నేర్పడానికి టై కట్టుకున్న ఒకాయన వచ్చి మూడు గంటలు ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆదివాసి విద్యార్థిని వాళ్ళ మాతృభాషలోనే పరీక్షించాలట. తమిళం బడిలో నేర్చిన భాష, పైనుంచి రుద్దిన భాష, కాబట్టి తమిళంలో అడిగితే అది హింసట. ఆయన పంచిన పుస్తకం అట్టమీద మంచుకొండ, దాని ముందు తలకు ఈకలు పెట్టుకున్న ఒక పెద్దమనిషి. మా దేశానికి తగినట్టు మార్చామన్నాడు. వెనక అట్టమీద తామరపువ్వు ఉంది నిజమే.

నలుగురిలో ఒకే ఒక్క అమ్మాయి. బోడి పైన కొండల నుంచి వచ్చింది. వాళ్ళ ఊళ్ళో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఆమె నా గదికి మొదటిసారి వచ్చినప్పుడు నేను ఫోనులో మా అక్కతో మాట్లాడుతున్నాను. ఫోను పెట్టేశాక ఆ పిల్ల నవ్వి, "అక్కతో మాట్లాడతా ఉంటిరా అమ్మా?" అంది. తెలుగులో. మా తెలుగులో, 'ఇక్కడే' అనడానికి 'ఇక్కడదా' అనే మా బోడి యాసలో.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఏం కణ్ణు, తెలుగు ఎట్ల వచ్చె నీకు?" అన్నాను. పిల్లలను ముద్దుగా మేం కణ్ణు అంటాం.

"ఎస్టేటు అమ్మ ఇంట్లో నేర్చుకుంటిని. మా అమ్మ ఆడ పని చేస్తాది. చిన్నప్పటినుంచి నేనూ ఆడనే ఉంటిని."

నా సంతోషం చూడాలి. ఇంతకాలానికి కాలేజీలో మన పిల్ల దొరికింది అనుకున్నాను. ఆమె ఎలా మన పిల్ల అయిందో ఆలోచించే తీరిక ఆ సంతోషంలో లేదు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి మాతృభాష ఏదని వెతికితే ఆమె భాష ఆ పదకొండింటిలో లేదు. తరువాతి వెర్షన్‌లో వస్తుందని రాసి ఉంది. "అయితే తెలుగు పెట్టుకుందామా?" అన్నాను. ఆ పిల్ల నా ముఖం చూసి, "సరే అమ్మా" అంది. తోట యజమానుల భాషను పనిమనిషి కూతురికి మాతృభాషగా రాసిపెట్టిన ఘనత నాదే. తమిళం రుద్దితే హింస అన్నారు గానీ తెలుగు గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ప్రశ్నలు తెలుగు లిపిలో వచ్చాయి. ఇద్దరికీ చదవడం రాదు. పక్కన స్పీకరు బొమ్మ నొక్కితే ఒక ఆడగొంతు వార్తలు చదువుతున్నట్టు చదివింది. ఆమె వినాలి, మూడు గుండీల్లో ఒకటి నొక్కాలి: ఎప్పుడూ, అప్పుడప్పుడు, లేదు. అర్థం కానిచోట నేను చెప్పాలి. నేను తెలుగు మనిషిని కదా.

"మీకు ఏదో ప్రమాదం జరగబోతోందని అనిపిస్తూ ఉంటుందా?" అని అడిగింది గొంతు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు సాంబారు బాగా కుదిరితే ప్రమాదం అంటాం. కచేరీ బాగుంటే ప్రమాదం. కొత్త కోడలు ప్రమాదంగా ఉందంటే అందంగా ఉందని. తమిళంలో ఆ మాటకు అదే అర్థం, మా ఇంట్లోనూ అదే. కీడు జరిగితే ఆపత్తు అంటాం. ప్రమాదానికి ఇంకో అర్థం ఉందని యాభై రెండేళ్ళు నాకు తెలియదు. మనస్తత్వశాస్త్రంలో రెండు పట్టాలున్నాయి, అందులో ఈ ముక్క లేదు.

ఆ అమ్మాయి ముఖం వెలిగింది. ఊళ్ళో మొదటి ఇంజనీరు కాబోతోంది, గొప్పది ఏదో జరగబోతోందని అనిపించకుండా ఎలా ఉంటుంది? 'ఎప్పుడూ' నొక్కింది. నేను పక్కనుంచి భేష్ అన్నట్టు తలూపాను.

"మీ వల్ల ఇతరులకు ప్రమాదం కలుగుతుందని ఎవరైనా అన్నారా?"

"మా హెడ్మాస్టరు ఎప్పుడూ అంటారు," అని నాతో చెప్పి మళ్ళీ అదే గుండీ నొక్కింది.

"ప్రస్తుతం మీకు ఎవరి సహాయమైనా అవసరమా?"

అవసరం అంటే మాకు తొందర. "అవసరం ఏమీ లేదమ్మా, నిదానంగా చేస్తే చాలు," అంది మర్యాదగా. 'లేదు' నొక్కింది. ఇలా అరవై ప్రశ్నలూ అయ్యాయి. ఇంత ఉల్లాసంగా పరీక్ష రాసిన పిల్లను నేను చూడలేదు.

తెర ఎర్రగా మారింది. తనకూ ఇతరులకూ ముప్పు తలపెట్టగల మనిషి, సాయం నిరాకరిస్తోంది, హాస్టలులో ఉంచరాదు. అది నా గదిలో ఎర్రబడిన క్షణంలోనే డీన్‌గారి ఫోనులోనూ, వార్డెనమ్మ ఫోనులోనూ ఎర్రబడింది. అంత చురుకైన యంత్రం. సాయంత్రానికల్లా ఎస్టేటు ఆఫీసుకు కబురు వెళ్ళింది. గురువారం తల్లి వచ్చి పిల్లను తీసుకుపోవాలి, ప్రభుత్వ డాక్టరు దగ్గర మనసు బాగుందని కాగితం తెచ్చుకుంటేనే మళ్ళీ రానిస్తారు. ఆ కొండమీది నుంచి జీపులో దిగి, అలాంటి డాక్టరును వెతికి, ఆ కాగితం సంపాదించేలోపు సెమిస్టరు పోతుంది. సెమిస్టరు పోతే సీటు పోతుంది. ఈ సంగతి డీన్‌గారికీ తెలుసు. ఆయన చాలా బాధపడ్డారు. బాధపడుతూనే సంతకం పెట్టారు.

మర్నాడు పూర్తి నివేదిక ఇంగ్లీషులో వచ్చింది. ప్రశ్న పక్కన ప్రశ్న చదువుతూ పోతే, ప్రమాదం ఉన్నచోటల్లా డేంజర్ అని ఉంది. ఆ గొంతు అడిగింది ఇదా? సాఫ్ట్‌వేర్‌వాళ్ళ హైదరాబాదు ఆఫీసుకు ఫోను చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది. ప్రమాదం అంటే అర్థమేమిటని అడిగాను.

"ప్రమాదం అంటే ఏముందండీ, ప్రమాదమే."

"ప్రమాదం అంటే చాలా బాగుండేది గదా?"

 "మేడమ్, మీరు తెలుగువారేనా అండి?" అంది.

"మీకన్నా పాత తెలుగోళ్ళం," అన్నాను. ఒళ్ళు మండిపోయింది. ఆమె ఎంతో మర్యాదగా, ఇంగ్లీషు వెర్షన్ వాడుకోమని సలహా ఇచ్చింది.

ఇక నా ముందు రెండు దారులున్నాయి. నోరు మూసుకుని కూర్చుంటే పిల్ల గురువారం వెళ్ళిపోతుంది, నా పరువు నిలుస్తుంది. నిజం చెబితే పిల్ల నిలుస్తుంది. చాలా సులువైన ఎంపికలా కనబడుతుంది కదా? నాకు ఒక పూట పట్టింది. తెలుగింట పుట్టి, తెలుగు మాట్లాడుతూ పెరిగి, తెలుగు పిల్ల అని ఒకరిని ఎగబడి పరీక్షకు కూర్చోబెట్టి, ఆ తెలుగు నాకే అర్థం కాలేదని డీన్‌కు రాసివ్వాలి. రాశాను. ఇంగ్లీషులో మూడు పేజీలు రాశాను. ప్రమాదం, అవసరం, మా ఇంట్లో కోపమని అర్థమిచ్చే ఆత్రం, ఒక్కొక్క మాటకూ మా అర్థం ఏమిటో, వాళ్ళ అర్థం ఏమిటో పట్టీ వేశాను. రాసేకొద్దీ హుషారు వచ్చింది. నివేదిక తీసుకుని ఎర్ర పెన్నుతో అరవై జవాబులూ వరసగా కొట్టేశాను. ఈ జవాబుల్లో ఒక్కటీ చెల్లదు, అన్నీ భాష వల్ల వచ్చిన తప్పులే, అమ్మాయి సంపూర్ణ ఆరోగ్యంతో, సంతోషంగా ఉంది అని ముగించి, పట్టాలు రెండూ పేరు పక్కన తగిలించాను.

డీన్‌గారు చదివి నవ్వారు. "మీ ఇంట్లో తెలుగే కదమ్మా మాట్లాడతారు?" అని తమిళంలో అడిగారు. అవునన్నాను. మళ్ళీ నవ్వారు. ఆ నవ్వుకు ఆయన్ను నేను ఇంకా క్షమించలేదు. కానీ ఎరుపును రద్దు చేశారు. ఎస్టేటుకు మళ్ళీ కబురు పంపారు: తల్లి రానక్కరలేదు. బుధవారం సాయంత్రం నేను ఇంటికి వెళ్ళి ఏదో సాధించినదానిలా రెండుసార్లు కాఫీ తాగాను.

గురువారం మధ్యాహ్నం ఆ అమ్మాయి నా గదికి వచ్చింది. కృతజ్ఞతలు చెప్పడానికే అనుకున్నాను. అలాంటప్పుడు ఎలా అణకువగా నవ్వాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"మా అమ్మను రావద్దని చెప్పేసినారా అమ్మా?"

"చెప్పేసినాము కణ్ణు. ఇంక బయమే లేదు. నువ్వు ఇక్కడదా చదువుకుంటావు."

తలూపింది. కుర్చీ అంచున కూర్చుంది.

"నేను నొక్కినదంతా తప్పు అని రాసిచ్చినారంట గదా. వార్డెనమ్మ చెప్పె."

"నీ తప్పు ఏమీ లేదు. ఆ మాటలదా తప్పు."

"అన్నీ కాదమ్మా. ముప్పై ఏడో ప్రశ్న నాకు బాగా అర్థమాయె."

సొరుగులోంచి నివేదిక తీశాను. నా ఎర్రగీత కింద ముప్పై ఏడో ప్రశ్న కనబడుతూనే ఉంది: మీకు రోజూ ఏడుపు వస్తోందా? జవాబు: ఎప్పుడూ. ఏడుపుకు బోడిలోనూ, కోయంబత్తూరులోనూ, హైదరాబాదులోనూ ఒకటే అర్థం. పట్టీలో ఆ మాట నేను వేయలేదు, వేయడానికి ఏమీ లేదు కాబట్టి. అయినా మిగతావాటితోపాటు దాన్నీ కొట్టేశాను.

"అది చేయి తగిలి నొక్కినావేమో అనుకుంటిని," అన్నాను. అబద్ధం. నేను దాన్ని చూడనే లేదు.

"లేదమ్మా. తెలుసుకునిదా నొక్కితిని. ఎస్టేటు ఇంట్లో నేను మొదట నేర్చుకున్న తెలుగు అదేదా. అమ్మ లోపల పని చేస్తా ఉంటే నన్ను వెనక వరండాలో కూర్చోబెడతారు. ఏడవగూడదు అంటారు. ఏడిస్తే అమ్మను పనికి రావద్దంటారు. అందుకని ఆ మాట మాత్రం నాకు ఎప్పుడూ మరిచిపోదు."

మా పెద్దమ్మ ఎస్టేటు ఇంటికీ వెనక వరండా ఉంది. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు పనివాళ్ళ పిల్లలు అక్కడ వరసగా, చడీచప్పుడు లేకుండా కూర్చుని ఉండేవాళ్ళు. కొండపిల్లలు ఎంత బుద్ధిమంతులో అని నేను మెచ్చుకునేదాన్ని. కాలేజీలో చేరాక మనస్తత్వశాస్త్రం తీసుకోవడానికి కారణంగా, మనుషులను ఇలా గమనించే గుణం నాకు చిన్నప్పటినుంచే ఉందని కూడా చెప్పుకున్నాను. సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డీన్ దగ్గరకు వెళ్ళి ఆ కాగితం మారుస్తానని ఆ పిల్లతో అన్నాను.

"వద్దమ్మా. మారిస్తే పంపించేస్తారు. నాకు చదువుకోవాల."

"మరి ఈ ఏడుపు?"

"అదీ వస్తాది. రెండూ నిజందా."

కాగితం మార్చలేదు. అది అబద్ధమని తెలిసీ ఫైలులో అలాగే ఉంచాను, నేటికీ ఉంది. వార్డెనమ్మకు ఫోను చేసి, తల్లిని రమ్మని మళ్ళీ కబురు పంపించమన్నాను. తీసుకుపోవడానికి కాదు, చూసిపోవడానికి. ఆవిడ ఏ కాలమ్‌లో రాయాలని అడిగింది. ఎక్కడా రాయొద్దన్నాను.

ఫోను పెట్టేసి చూస్తే ఆ పిల్ల ఏడుస్తోంది. చప్పుడు లేదు. వీపు నిటారుగా ఉంది, చేతులు ఒళ్ళో ఉన్నాయి, కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారుతున్నాయి. పక్క గదిలోవాళ్ళకు కాదు కదా, ఎదురుగా కూర్చున్న నాకే వినబడలేదు. అంత బాగా నేర్పారు మావాళ్ళు. లేచి ఆమె పక్కకు వెళ్ళి కూర్చున్నాను. ఏడవద్దు కణ్ణు అనబోయి, నోరు మూసుకున్నాను.