నేను లేకపోతేనా!

లిదియమ్మ నోరు తెరిస్తే వచ్చే మొదటి మాట "నేను". సారపాకలో అందరికీ తెలిసిన జబ్బే అది. వాన వెలిస్తే, "నేను గొడుగు తెచ్చిన, అందుకే వెలిసింది" అంటుంది. చర్చిలో పాట బాగా కుదిరితే, "నేను వెనకనుంచి అందుకోకపోతేనా!" అంటుంది. దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైంది కదా, జిల్లాలో సగం మందిని తానే కన్నట్టు మాట్లాడుతుంది. ఆమె ఎదురొస్తుంటే జనం సందులు వెతుక్కుంటారు.

పక్క వాటాలో తల్లితో కిరాయికి ఉండే దుర్గ పూర్తిగా వేరే రకం. అడవి ఊరి పిల్ల. ఏం చేసినా "మేం చేసినం" అంటుందే తప్ప ఆ నోట "నేను" రాదు. పోయిన ఏడాది నర్సింగ్ కాలేజీ ఇంటర్వ్యూలో, "వరదల్లో సాయం చేశానని రాశావు, ఏం చేశావు?" అని అడిగారు.

"అందరం చేసినం మేడం."

"అందులో నువ్వు?"

"నాదేం లేదు మేడం."

పడవ నడిపింది తనేనని చెప్పడానికి నోరు రాలేదు. సీటూ రాలేదు. ఈసారీ రాకపోతే వయసు దాటిపోతుంది, ఇక మిరప చేలల్లో కూలికి పోవడమే. ఆ బెంగతో పిల్ల సగమైపోయింది.

"నేనున్న గద, నేర్పిస్త" అని లిదియమ్మ రంగంలోకి దిగింది.

"పొద్దుగాల అన్నం ఎవరు వండిండ్రు?"

"మేం."

"మేం అంటే ఎవరే? మీ అమ్మ మంచంల ఉండె!"

"బియ్యం అమ్మ ఏరింది పెద్దమ్మా. నీళ్లు ఎదురింటి సంగీతక్క పట్టింది."

"ఇగ అన్నం దానంతట అదే ఉడికిందను, పీడ వదుల్తది!"

వారం రోజులు తిట్టినా, బతిమాలినా దుర్గ "నే..." దాకా వచ్చి ఆగిపోయేది.

ఇంటర్వ్యూ రోజు ఖమ్మంలో ఒకటే ముసురు. కాలేజీ వరండాలో కూర్చుని, ఏడుపు ఆపుకుంటూ దుర్గ అడిగింది. "గట్ల చెప్పుకుంటే నీకు సిగ్గనిపియ్యదా పెద్దమ్మా?"

"నాకూ మస్తు సిగ్గుండె బిడ్డా." లిదియమ్మ గొంతు తగ్గింది. "నేను ఆయాగా చేరకముందు, మా ఆయన జయరాజ్‌కు గుండెల నొప్పొచ్చిన రోజు దవాఖానాల లైను చివర నిలబడ్డం. ముందుకు పోయి చెప్పరాదే అన్నడు. పెద్దపెద్దోళ్లున్నరు, మనమేం చెప్తం అన్న. లైను మాదాకా రాకముందే పోయిండు."

దుర్గకు తన అమ్మ సంగతి గుర్తొచ్చింది. అమ్మకు జ్వరం ముదిరిన రోజున, "నేను తెచ్చిన మనిషి! నేను, లిదియాను!" అని ఈమె కౌంటర్ దగ్గర గోల చేస్తే, ఆ గోల భరించలేకే డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. దుర్గ సిగ్గుతో చచ్చిపోయింది. అమ్మ మాత్రం బతికింది. అడవి ఊళ్ల నుంచి వచ్చి ఓ మూల నిలబడే వాళ్లందరినీ ఆమె అలాగే ముందుకు తోసేదని ఇప్పుడు అర్థమైంది.

లోపల మళ్లీ అదే ప్రశ్న.

"మే..." అని ఆగింది దుర్గ. "నేను మేడం. పడవ నేను నడిపిన. మూడుసార్లు పోయి పదకొండు మందిని తెచ్చిన. బాలింతను నేనే ఎత్తుకున్న." ఇక ఆగితేనా! బర్రెదూడను దాటించిన సంగతి దాకా వచ్చేసరికి, "చాలమ్మా, చాలు" అని మేడమే చేతులెత్తేసింది.

సాయంత్రం గుమస్తా జాబితా అంటిస్తూ, "దుర్గ నువ్వేనా? సీటొచ్చింది. మస్తు చెప్పినవట, ఎవరు నేర్పిండ్రు?" అన్నాడు.

దుర్గ లిదియమ్మ వైపు చూసింది. లిదియమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎవరూ నేర్పలే సారూ. పిల్ల తెలివే. మేం ఊరికే తోడొచ్చినం."

"మేం ఏంది పెద్దమ్మా!" అంత మందిలోనూ దుర్గ గదిమింది. "నేను అను!"