రిజిస్టర్‌లో పెనుకొండ

మా యూనివర్సిటీలో ఎల్జీబీటీ విద్యార్థులకని ఒక గది ఉంది. అక్కడి రిజిస్టర్‌లో ఎవరూ పేరు రాయరు, ఊరు రాస్తారు. నేను ధర్మవరం. ఆ గది చరిత్ర రాసే పని నా మీద పడితే, సెలవులకు ఇంటికెళ్తూ పాత, కొత్త రిజిస్టర్ల జిరాక్సులు రైల్లో చూసుకుంటున్నా. మొదటి ఏడాదంతా ఒకటే చేతిరాత, ఒకటే ఊరు. పెనుకొండ.

హిందూపురంలో ఎక్కిన నడివయసు మనిషి పక్కన కూర్చుని వాటినే చూస్తున్నాడు. భయమేసి బోర్లా పెట్టేశా.

"దాచొద్దప్పా, ఆ రాత నాదే" అన్నాడు మెల్లగా. "రోజూ తలుపు తీసి సాయంత్రం దాకా కూచుంటాంటి. ఒక్కరన్నా రాల్యా. పేజీ ఖాళీగా ఉండకూడదని నేనే రాస్తాంటి."

"ఇప్పుడు కుర్చీలు చాలవన్నా" అన్నాను.

కాగితాలు తీసుకుని కొత్త పేజీలో ఊళ్లన్నీ వేలు పెట్టి చదివాడు. ధర్మవరం దగ్గర వేలు ఆగింది.

"ఇదెవరు?"

"నేనే."

"ఇంత దగ్గరోడివి. అప్పుడుండింటే బాగుండు కదప్పా."

పెనుకొండలో ఆయన కోసం భార్య, కూతురు ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నారు. దిగాక నావైపు చూడలేదు. పిలుద్దామంటే నాకు తెలిసిన పేరు పెనుకొండ ఒక్కటే. ఆ స్టేషన్లో దిగినవాళ్లందరిదీ అదే ఊరు.